సర్వర్ లేకుండా వెబ్ యాప్: ఉచిత హోస్టింగ్ ఎలా పనిచేస్తుంది? ఎక్కడ జాగ్రత్త పడాలి?

2020 మార్చిలో దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్తున్న రోజుల్లో, ఏ రాష్ట్రంలో ఎన్ని కోవిడ్ కేసులు నమోదయ్యాయో తెలుసుకోవడానికి చాలామంది తెరిచిన సైట్ కోవిడ్19ఇండియా.ఆర్గ్. అది ప్రభుత్వం నడిపిన సైట్ కాదు. కొందరు వాలంటీర్లు రాష్ట్రాలు విడుదల చేసే బులెటిన్ల నుంచి అంకెలు సేకరించి, సరిచూసి, జిల్లాల వారీగా మ్యాపుల్లో చూపించేవారు. 2021 అక్టోబర్ 31న సేవలు నిలిపివేసే దాకా పత్రికలు, పరిశోధకులు ఆ అంకెల మీద ఆధారపడ్డారు.

ఆ సైట్ కనిపించే భాగాన్ని రియాక్ట్‌ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాశారు. కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉండేది. అంకెలు జేసాన్ ఫైళ్ల రూపంలో ఉండేవి. ఎవరైనా ఆ అంకెలు అడిగినప్పుడల్లా డేటాబేస్‌ను వెతికి లెక్కకట్టే అవసరం లేదు. ముందే తయారైన ఫైల్ వెళ్తుంది, అంతే.

ఈ పద్ధతికి సాంకేతిక పరిభాషలో ‘స్టాటిక్ సైట్’ అని పేరు. ఇంజినీరింగ్ విద్యార్థి తన ప్రాజెక్టును పెట్టుకోవాలన్నా, ఊరి గ్రంథాలయం తన పుస్తకాల జాబితాను పెట్టాలన్నా, ఎన్నికల ఫలితాలను విశ్లేషించే చిన్న బృందం మ్యాపులు చూపించాలన్నా, నెలనెలా సర్వర్ అద్దె కట్టకుండా పని జరిగే దారి ఇదే. అయితే ఈ దారిలో కొన్ని షరతులున్నాయి. అవి తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

ఉచితంగా ఎందుకు ఇస్తారు?

రైల్వే టికెట్ బుక్ చేసే సైట్‌లో మీరు ఊరి పేరు, తేదీ ఇవ్వగానే సర్వర్ అప్పటికప్పుడు ఖాళీలు వెతికి జవాబు తయారు చేయాలి. ప్రతి సందర్శకుడికీ అది విడిగా చేయాల్సిన పని. స్టాటిక్ సైట్ అచ్చయిన దినపత్రిక లాంటిది. రాయడం, దిద్దడం, పేజీలు పెట్టడం అంతా ముందే అయిపోతుంది. తర్వాత మిగిలింది పంచడమే.

ఫైళ్లను పంచడం చాలా చౌకైన పని. వాటి నకళ్లను ముంబయి, చెన్నై, సింగపూర్ లాంటి చోట్ల ఉన్న సర్వర్లలో పెట్టి, అడిగినవాళ్లకు దగ్గరలో ఉన్నచోటు నుంచి అందిస్తారు. దీన్నే సీడీఎన్ అంటారు. ఈ ఖర్చు కంపెనీలకు పెద్ద భారం కాదు. ఇవాళ ఉచితంగా వాడుకునే డెవలపర్ రేపు ఉద్యోగంలో చేరాక అదే సేవను డబ్బు కట్టి కొనిపిస్తాడన్న లెక్క కూడా దీని వెనక ఉంది. కాబట్టి ఇది దానధర్మం కాదు, వ్యాపారమే. షరతులు ఎప్పుడైనా మారొచ్చు.

బండ్లర్ చేసే పని ఏంటి?

ఒక మామూలు రియాక్ట్ యాప్‌లో మీరు రాసిన ఫైళ్లు యాభై ఉంటే, ఎన్‌పీఎం నుంచి తెచ్చుకున్న లైబ్రరీల ఫైళ్లు వేలల్లో ఉంటాయి. వాటిలో బ్రౌజర్‌కు నేరుగా అర్థంకానివి చాలా. టైప్‌స్క్రిప్ట్, జేఎస్ఎక్స్ లాంటివి ముందుగా మామూలు జావాస్క్రిప్ట్‌గా మారాలి. పైగా పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో బ్రౌజర్లు ఒక్కో సర్వర్‌తో ఒకేసారి ఆరు కనెక్షన్లే పెట్టుకునేవి. వందల ఫైళ్లు దిగాలంటే క్యూ కట్టాల్సిందే.

ఈ సమస్యకు పరిష్కారంగా 2011లో బ్రౌజరిఫై, 2012లో వెబ్‌ప్యాక్, 2015లో రోలప్ వచ్చాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది వాడేది వీట్. వ్యూ రూపకర్త ఇవాన్ యూ దీన్ని 2020లో తెచ్చారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకు ‘వేగంగా’ అని అర్థం. చాలా ఏళ్లు రియాక్ట్ నేర్చుకునేవారికి తొలిమెట్టుగా ఉన్న ‘క్రియేట్ రియాక్ట్ యాప్’ను కొత్త యాప్‌లకు వాడొద్దని రియాక్ట్ బృందమే 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. పాత పాఠాలు చూసి నేర్చుకుంటున్నవారు ఇది గమనించాలి.

పేరు ఏదైనా బండ్లర్ ప్రధానంగా నాలుగు పనులు చేస్తుంది.

మొదటిది, ఏ ఫైల్ దేన్ని పిలుస్తోందో మొదటి ఫైల్ నుంచి వరసగా వెతుక్కుంటూ వెళ్లి ఒక పటం గీసుకుంటుంది. రెండోది, వాడని కోడ్‌ను తీసేస్తుంది. చెట్టును ఊపితే ఎండుటాకులు రాలినట్టు పనికిరానిది రాలిపోతుంది కాబట్టి దీన్ని ‘ట్రీ షేకింగ్’ అంటారు. మూడోది, ఖాళీలు, వ్యాఖ్యలు తీసేసి, పొడవాటి పేర్లను ఒక్క అక్షరానికి కుదిస్తుంది. నాలుగోది, మొదటి పేజీకి అవసరమైన కోడ్‌ను, తర్వాత ఎప్పుడో అవసరమయ్యే కోడ్‌ను వేరువేరు ముక్కలుగా విడదీస్తుంది. ఈ ముక్కలనే చంక్‌లు అంటారు.

ఇవన్నీ అయ్యాక ‘డిస్ట్’ అనే ఫోల్డర్ మిగులుతుంది. అందులో ఒక ఇండెక్స్ పేజీ, కొన్ని జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ ఫైళ్లు, బొమ్మలు ఉంటాయి. ఫైళ్ల పేర్ల చివర అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. అవి ఫైల్‌లో ఉన్న విషయాన్ని బట్టి పుట్టిన గుర్తులు. విషయం మారితే పేరూ మారుతుంది. దానివల్ల బ్రౌజర్ పాత ఫైల్‌ను ఏడాదిపాటు దాచుకున్నా ఫర్వాలేదు, కొత్తది వచ్చినప్పుడు పేరే వేరు కాబట్టి దాన్ని మళ్లీ తెచ్చుకుంటుంది.

మీరు ఇంటర్నెట్‌లో పెట్టాల్సింది ఈ ఒక్క ఫోల్డర్‌నే. ఈ విషయం గుర్తుంటే మిగతాదంతా సులువవుతుంది.

ఎక్కడ పెట్టాలి?

గిట్‌హబ్ పేజెస్ 2008 నుంచి ఉంది. సైట్ పరిమాణం ఒక జీబీ దాటకూడదు. నెలకు 100 జీబీ దాకా డేటా వెళ్లవచ్చన్నది సడలింపుతో కూడిన పరిమితి. ఉచిత ఖాతాలో అయితే కోడ్ ఉన్న రిపాజిటరీని బహిరంగంగా ఉంచాలి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు దీన్ని వాడకూడదని నిబంధనల్లో ఉంది.

క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో స్టాటిక్ ఫైళ్లకు డేటా పరిమితి లేదు. ఉచిత ప్లాన్‌లో నెలకు 500 సార్లు బిల్డ్ చేసుకోవచ్చు. ఒక సైట్‌లో 20,000 ఫైళ్ల దాకా పెట్టవచ్చు, ఒక్కో ఫైల్ 25 ఎంబీ మించకూడదు. నెట్లిఫై, వెర్సెల్ కూడా ఉచిత ప్లాన్లు ఇస్తున్నాయి. వెర్సెల్ ఉచిత ప్లాన్ వ్యక్తిగత, వాణిజ్యేతర అవసరాలకే. దుకాణం సైట్‌నో, క్లయింటు కోసం డబ్బు తీసుకుని చేసిన సైట్‌నో అందులో పెడితే నిబంధన ఉల్లంఘించినట్టే.

100 జీబీ అంటే ఎంత? పేజీ మొత్తం 500 కేబీ ఉంటే నెలలో సుమారు 2 లక్షల సార్లు తెరవొచ్చు. అదే పేజీ 3 ఎంబీ అయితే సుమారు 33 వేల సార్లకే కోటా అయిపోతుంది. బండిల్ చిన్నగా ఉండటం వేగం కోసమే అనుకుంటాం గానీ, ఉచిత ప్లాన్‌లో అది సైట్ ఆయుష్షుకు సంబంధించిన విషయం కూడా.

పని ఏ క్రమంలో జరుగుతుంది?

వీట్, గిట్‌హబ్ పేజెస్ కలిపి వాడితే క్రమం ఇలా ఉంటుంది.

1. మీ కంప్యూటర్‌లో ‘ఎన్‌పీఎం రన్ బిల్డ్’ కమాండ్ ఇవ్వండి. డిస్ట్ ఫోల్డర్ తయారవుతుంది.

2. ‘ఎన్‌పీఎం రన్ ప్రివ్యూ’తో ఆ ఫోల్డర్‌ను బ్రౌజర్‌లో చూడండి. కోడ్ రాసేటప్పుడు మీరు చూసే డెవలప్‌మెంట్ సర్వర్, చివరికి జనం చూసే బిల్డ్ ఒకటి కావు. ఈ అడుగు దాటేసేవారికే తర్వాత తలనొప్పులు ఎక్కువ.

3. కోడ్‌ను గిట్‌హబ్‌కు పంపండి. డిస్ట్‌ను, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను పంపనవసరం లేదు. ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉన్న లాక్ ఫైల్‌ను మాత్రం తప్పకుండా పంపాలి.

4. రిపాజిటరీ సెట్టింగ్స్‌లో పేజెస్ విభాగానికి వెళ్లి, మూలంగా ‘గిట్‌హబ్ యాక్షన్స్’ ఎంచుకోండి. వీట్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన వర్క్‌ఫ్లో ఫైల్‌ను కలపండి. ఆ తర్వాత మీరు కోడ్ మార్చి పంపిన ప్రతిసారీ గిట్‌హబ్ యంత్రమే బిల్డ్ చేసి సైట్‌ను తాజా చేస్తుంది.

క్లౌడ్‌ఫ్లేర్, నెట్లిఫైలలో ఇది ఇంకా తేలిక. రిపాజిటరీని చూపించి, బిల్డ్ కమాండ్, ఫోల్డర్ పేరు చెబితే చాలు.

తెల్ల పేజీ ఎందుకొస్తుంది?

కంప్యూటర్‌లో చక్కగా నడిచిన యాప్, ఇంటర్నెట్‌లో పెట్టగానే ఖాళీ తెల్ల పేజీగా కనిపించడం కొత్తవాళ్లందరికీ ఎదురయ్యే అనుభవమే. కారణాలు సాధారణంగా మూడు.

గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైట్ చిరునామా చివర రిపాజిటరీ పేరు ఉంటుంది. బండ్లర్ మాత్రం ఫైళ్లన్నీ డొమైన్ మొదట్లోనే ఉంటాయనుకుని దారులు రాస్తుంది. వాకిలి ఒక వీధిలో ఉంటే, ఉత్తరాలు ఇంకో వీధికి వెళ్తున్నట్టు అన్నమాట. వీట్ కాన్ఫిగరేషన్‌లో ‘బేస్’ విలువగా ముందూ వెనకా స్లాష్‌లతో రిపాజిటరీ పేరు ఇస్తే సమస్య తీరుతుంది. సొంత డొమైన్ పెట్టుకుంటే ఈ మార్పు అక్కర్లేదు.

రెండోది, మొదటి పేజీ తెరుచుకుంటుంది గానీ లోపలి పేజీలో రిఫ్రెష్ చేస్తే 404 వస్తుంది. లోపలి పేజీలకు నిజానికి ఫైళ్లు లేవు. ఇండెక్స్ పేజీలోని జావాస్క్రిప్టే చిరునామా చూసి ఆ పేజీని గీస్తోంది. సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, లేని ఫైల్‌ను వెతికి చేతులెత్తేస్తుంది. నెట్లిఫైలో అన్ని చిరునామాలకూ ఇండెక్స్ పేజీనే ఇవ్వమని ‘రీడైరెక్ట్స్’ ఫైల్‌లో ఒక్క వరుస రాస్తే చాలు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో 404 పేజీ పెట్టకపోతే అది తనంతట తానే అలా చేస్తుంది. గిట్‌హబ్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి ఇండెక్స్ పేజీ నకలునే 404 పేజీగా పెడతారు, లేదా చిరునామాలో హ్యాష్ గుర్తు వచ్చే రూటింగ్ వాడతారు.

మూడోది, ఫైళ్ల పేర్లలో ఇంగ్లిష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. విండోస్ ఆ తేడాను పట్టించుకోదు. బిల్డ్ జరిగే లైనక్స్ యంత్రం పట్టించుకుంటుంది. బొమ్మ పేరు పెద్దక్షరంతో ఉండి, కోడ్‌లో చిన్నక్షరంతో రాస్తే ఇంట్లో కనిపిస్తుంది, బయట కనిపించదు.

ఇంకో చిన్న సంగతి. గిట్‌హబ్ పేజెస్‌లోని ఫైళ్లను బ్రౌజర్ పది నిమిషాలు దాచుకోవచ్చు. మార్పు వెంటనే కనిపించకపోతే కంగారుపడి మళ్లీ మళ్లీ బిల్డ్ చేయనక్కర్లేదు.

బండిల్‌లో పెట్టింది ఏదీ రహస్యం కాదు

అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఒకటుంది. రహస్య కీలను ‘ఈఎన్‌వీ’ ఫైల్‌లో రాసుకుంటే భద్రంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్‌కు అది నిజమే. బ్రౌజర్ యాప్‌కు నిజం కాదు. వీట్‌లో ‘వీట్’ అనే మాటతో మొదలయ్యే వేరియబుల్స్ విలువలను యాప్ కోడ్‌లో వాడితే, బండ్లర్ వాటిని నేరుగా జావాస్క్రిప్ట్ ఫైల్‌లో అతికిస్తుంది. కోడ్‌ను ఎంత కుదించినా, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచిన ఎవరికైనా అవి కనిపిస్తాయి. పత్రికలో అచ్చేసిన ఫోన్ నంబర్‌ను తర్వాత దాచలేం కదా.

అందువల్ల ప్రతి కీ గురించీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది అపరిచితుడి చేతిలో పడితే ఏం జరుగుతుంది? గూగుల్ మ్యాప్స్ కీ బ్రౌజర్‌కు వెళ్లక తప్పదు. అందుకే అది మీ డొమైన్ నుంచి మాత్రమే పనిచేసేలా పరిమితి పెట్టాలి. ఫైర్‌బేస్ వెబ్ కీ కూడా బహిరంగంగా ఉండేదే. అక్కడ రక్షణ డేటాబేస్ నియమాల్లో ఉంటుంది, వాటిని ‘అందరికీ అనుమతి’ అని వదిలేస్తే కీ దాచినా ప్రయోజనం లేదు. రేజర్‌పే లాంటి చెల్లింపు సేవల్లో కీ ఐడీ, కీ సీక్రెట్ అని రెండుంటాయి. మొదటిది బ్రౌజర్‌కు వెళ్లవచ్చు. రెండోది ఎప్పటికీ వెళ్లకూడదు. ఏఐ సేవల కీలు కూడా అంతే. వాడకాన్ని బట్టి బిల్లు పడుతుంది కాబట్టి, దొరికినవాడు వాడుకుంటే డబ్బు మీరు కట్టాలి.

ఇలాంటివి అవసరమైతే మధ్యలో ఒక చిన్న సర్వర్ ఫంక్షన్ ఉండాల్సిందే. క్లౌడ్‌ఫ్లేర్, నెట్లిఫై, వెర్సెల్ వాటినీ పరిమితంగా ఉచితంగా ఇస్తాయి. పొరపాటున కీని గిట్‌హబ్‌కు పంపేస్తే, తర్వాత ఆ వరుస తీసేసినంత మాత్రాన సరిపోదు. గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఆ కీని వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి.

మీరు రాయని కోడ్ సంగతేంటి?

బండిల్‌లో ఎక్కువ భాగం ముక్కూమొహం తెలియని వ్యక్తులు రాసిన కోడే. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేయగానే, దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో జరిగింది మరింత తీవ్రమైనది. నకిలీ మెయిల్‌తో ఒక నిర్వాహకుడి ఖాతాను చేజిక్కించుకున్నవాళ్లు చాక్, డీబగ్ లాంటి బాగా ప్రచారంలో ఉన్న ప్యాకేజీల్లో హానికర కోడ్ చొప్పించారు. అది బ్రౌజర్‌లో నడుస్తూ, క్రిప్టో లావాదేవీల్లో చిరునామాలను మార్చేసే కోడ్. ఆ కొద్ది గంటల్లో కొత్త వెర్షన్లు తెచ్చుకుని ఎవరైనా సైట్ బిల్డ్ చేసి ఉంటే, అది వాళ్ల సందర్శకుల దాకా వెళ్లే అవకాశం ఉంది.

లాక్ ఫైల్ ముఖ్యమని పైన చెప్పింది ఇందుకే. బిల్డ్ యంత్రంలో ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ బదులు ‘ఎన్‌పీఎం సీఐ’ వాడితే, లాక్ ఫైల్‌లో ఉన్న వెర్షన్లే వస్తాయి. తేదీని చక్కగా చూపించడం లాంటి చిన్న పనులకు బ్రౌజర్‌లోనే సౌకర్యాలున్నాయి. ఒక్కో ప్యాకేజీ తగ్గితే బరువూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా

యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ పడితే, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు అక్షరాలు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 18 బైట్లు. కుదింపు వల్ల ఈ భారం చాలావరకు తగ్గుతుంది. కానీ అదే మాట సైట్ చిరునామాలో ఉంటే, వాట్సాప్‌లో పంచుకున్నప్పుడు శాతం గుర్తులతో కలిసి 54 అక్షరాల చాంతాడుగా మారవచ్చు. అందుకే ఫైళ్ల పేర్లు, చిరునామాలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచుకోవడం మేలు.

అసలు బరువు ఫాంట్లది. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఒత్తులు, గుణింతాల రూపాలన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైల్ పెద్దగా ఉంటుంది. యాప్ కోడ్ మొత్తం కన్నా ఒక్క ఫాంటే బరువుగా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫాంట్‌ను వాఫ్2 రూపంలోకి మార్చి, ఒకటి రెండు మించకుండా వాడాలి. ఫాంట్ దిగేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే అక్షరాలు కనిపించేలా ‘ఫాంట్ డిస్‌ప్లే స్వాప్’ పెట్టాలి. పరిమాణం తగ్గించడానికి ఫాంట్‌లోని అక్షరాలను కత్తిరిస్తే, ఒత్తులు కలిపే నియమాలు కూడా పోయి ‘క్ష’, ‘స్త్ర’ లాంటివి విడివిడిగా విరిగి కనిపించే ప్రమాదముంది. కత్తిరించాక సంయుక్తాక్షరాలున్న వాక్యంతో ఒకసారి పరీక్షించుకోవాలి.

ఉచితానికి హద్దు ఎక్కడ?

2024 ఫిబ్రవరిలో నెట్లిఫైలో చిన్న స్టాటిక్ సైట్ పెట్టుకున్న ఒకరికి 1,04,500 డాలర్ల బిల్లు వచ్చిందన్న వార్త డెవలపర్లలో కలకలం రేపింది. సైట్‌లో ఉన్న ఒక ఆడియో ఫైల్ మీద ఎవరో పనిగట్టుకుని దాడి చేసినట్టు డేటా లాగేశారు. విషయం బయటికి వచ్చాక, ఆ బిల్లు రద్దు చేస్తున్నట్టు కంపెనీ సీఈఓ బహిరంగంగా ప్రకటించారు. దీన్నుంచి నేర్చుకోవాల్సింది: కార్డు వివరాలు ఇచ్చే ముందు, పరిమితి దాటితే సైట్ ఆగిపోతుందా, బిల్లు పెరుగుతుందా అన్నది చూసుకోవాలి. చిన్న సైట్‌కు ఆగిపోవడమే నయం. ఆడియో, వీడియోలను వేరే వేదికల మీద పెట్టుకోవడం మంచిది.

ఇంకో అనుభవం మన దేశానిది. 2014 డిసెంబర్‌లో ఉగ్రవాద ప్రచారం కారణంగా చూపి కేంద్రం 32 సైట్లను నిలిపివేయమని ఆదేశించింది. విమియో, పేస్ట్‌బిన్‌లతో పాటు గిట్‌హబ్ కూడా ఆ జాబితాలో ఉంది. కొద్ది రోజుల్లో నిషేధం సడలినా, ఒక్క చిరునామా కింద లక్షల మంది సైట్లు ఉన్నప్పుడు ఎవరో చేసినదానికి అందరూ ఇబ్బంది పడతారని తేలింది.

దీనికి విరుగుడు ఆ డిస్ట్ ఫోల్డర్‌లోనే ఉంది. అది ఏ కంపెనీకీ చెందినది కాదు. గిట్‌హబ్‌లో నడిచిన ఫోల్డర్ క్లౌడ్‌ఫ్లేర్‌లోనూ, మన దేశంలో నెలకు కొన్ని వందలకు దొరికే మామూలు హోస్టింగ్‌లోనూ నడుస్తుంది. కాలేజీలో మూలన ఉన్న పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. చేయాల్సిందల్లా, ఒకే కంపెనీలో మాత్రమే దొరికే ప్రత్యేక సౌకర్యాల మీద యాప్‌ను మొత్తం ఆధారపడనివ్వకపోవడం. ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ ఖర్చుతో సొంత డొమైన్ తీసుకుంటే, హోస్టింగ్ మారినా పాఠకులకు తెలిసిన చిరునామా మారదు. కోడ్ నకలును, లాక్ ఫైల్‌ను మరోచోట కూడా దాచుకుంటే, ఒక సేవ మూతపడినా మరో చోట సైట్‌ను నిలబెట్టడానికి ఒక పూట చాలు. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టక తప్పనిది ఏదైనా ఉందంటే అది ఆ డొమైన్ ఒక్కటే.